వంటింట్లో గ్యాసు పొయ్యి

(తెలుగు తరగతి పిల్లలకు చేసిన ప్రసంగం)



ఈ రోజు పద్యం లేదు, వ్యాకరణం లేదు. పుస్తకాలు మూసి నా మాటలు కాసేపు వినండి. నవంబరు నెల వచ్చింది. మన మారిషస్ దీవిలో తుఫానుల కాలం ఈ నెలలో మొదలై మే నెల నడిమి వరకు ఉంటుందని మీకు తెలుసు. తుఫాను వచ్చే ముందు ఏమేమి సర్దుకోవాలో రేడియోలో చెబుతారు, ఇంట్లో పెద్దలు చెబుతారు. నేను మాత్రం మీ వంటింట్లో ఉన్న గ్యాసు పొయ్యిని గురించి చెబుతాను. తుఫానుకూ పొయ్యికీ సంబంధమేమిటి అనుకుంటున్నారు కదూ? కొంచెం ఆగండి, చెబుతాను.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో ఎంతమంది పెద్దవాళ్లెవరూ దగ్గర లేకుండా పొయ్యి వెలిగించారు? చేతులెత్తండి. అబ్బో, ఇన్ని చేతులే! సరే, దించండి. ఎవరినీ కోప్పడను. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో పిల్లలు టీ కాచుకోవడం, రొట్టె వెచ్చబెట్టుకోవడం మామూలే. అందుకే ఈ సంగతులు పెద్దలకు చెప్పేకంటే మీకు చెప్పడం మేలనుకున్నాను.

మన ముత్తాతల కాలంలో, వాళ్లు కోరంగి రేవు నుంచీ ఇతర రేవుల నుంచీ ఓడలెక్కి వచ్చి చెరకు తోటల్లో పనిచేసిన రోజుల్లో, వంటంతా కట్టెల పొయ్యి మీదే. తరువాత కిరసనాయిలు స్టౌ వచ్చింది. ఆ తరువాత గ్యాసు. కట్టెల పొయ్యి కళ్లు మండిస్తుంది, గోడలు నల్లబరుస్తుంది. అయినా దానిలో ఒక మంచి గుణం ఉంది. అది దేన్నీ దాచుకోదు. పొగ వస్తుంది, చిటపటమంటుంది, ఆరిపోతే ఆరిపోయినట్టు కనిపిస్తుంది. గ్యాసు పొయ్యి అలా కాదు. మంట ఆరిపోయినా మర తిప్పి ఉంటే గ్యాసు వస్తూనే ఉంటుంది. కంటికి కనబడదు. నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. గ్యాసు విషయంలో ఆ సామెత పనికిరాదు. ఇక్కడ పొగ లేకుండానే ప్రమాదం వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు నా చిన్ననాటి సంగతి ఒకటి వినండి.

1994 ఫిబ్రవరి 10న హొలాండా అనే పెద్ద తుఫాను మన దీవిని తాకింది. మీ అమ్మానాన్నలను అడిగితే చెబుతారు. అప్పుడు నాకు పదమూడేళ్లు. మా తమ్ముడికి ఆరు. మా ఇంట్లో గ్యాసు సిలిండరు, అదే మీరు క్రియోల్‌లో బొంబోన్ అంటారే, అది వంటింటి గోడకు అవతల, ఆరుబయట ఉండేది. రబ్బరు గొట్టం గోడలోని కన్నం గుండా లోపలికి వచ్చి పొయ్యికి తగులుకొని ఉండేది. తుఫాను హెచ్చరిక మూడవ తరగతికి పెరగగానే మా నాన్నగారు సిలిండరు గాలికి దొర్లిపోతుందేమోనని దాన్ని లోపలికి తెచ్చారు. బల్ల కింద ఇరికించి, గొట్టాన్ని వంచి, హడావిడిగా మళ్లీ బిగించారు. అమ్మ అందరికీ టీ కాచింది. కిటికీలన్నీ మూసి చెక్కలు కొట్టేశాం. తలుపుల కింద సందుల్లో పాతగుడ్డలు కుక్కాం.

రాత్రి కరెంటు పోయింది. ముందు గదిలో బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, దాని చుట్టూ పెద్దవాళ్లు కూర్చున్నారు. తమ్ముడినీ నాయనమ్మనూ వంటింటి గుమ్మానికి దగ్గరగా, నేల మీద చాప వేసి పడుకోబెట్టారు. ఆ మూల గోడ గట్టిదని నాన్నగారి నమ్మకం. గాలి హోరులో ఒకరి మాట ఒకరికి వినబడడం లేదు.

కొంతసేపటికి తమ్ముడు లేచి కూర్చొని, "ఏదో కంపు కొడుతోంది" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. కాలువ పొంగి ఉంటుందన్నారు ఒకరు. ఎలుక చచ్చి ఉంటుందన్నారు ఇంకొకరు. బల్ల దగ్గర కూర్చున్న మాకెవరికీ ఏ వాసనా తెలియలేదు. వాడు మళ్లీ అదే మాట అన్నాడు. నాకు విసుగొచ్చింది. అదేమిటో చూసి వచ్చి వాణ్ణి పడుకోబెడదామని, బల్ల మీది కొవ్వొత్తి చేత్తో పట్టుకొని వంటింటి వైపు నడిచాను.

పిల్లలూ, ఆ నాలుగడుగులు నాకు ఈనాటికీ కలలోకి వస్తాయి.

మా నాయనమ్మకు గ్యాసు అంటే మొదటి నుంచీ భయం. ఇంట్లో అందరం ఆమెను ఆటపట్టించేవాళ్లం. ఆమె చాప మీది నుంచి ఒక్క కేక పెట్టింది, "ఆర్పెయ్యవే! అక్కడే ఆర్పెయ్యి!" అని. నేను అదిరిపడి కొవ్వొత్తి ఉఫ్మని ఊదేశాను. ఇల్లంతా చీకటి. అప్పుడు నాన్నగారికి సంగతి అర్థమైంది. ఆయన చీకట్లోనే గోడ పట్టుకొని వంటింట్లోకి వెళ్లి, చేత్తో తడుముకొని సిలిండరు మర కట్టేశారు. తరువాత గాలి కొట్టని వైపున్న తలుపు తీశారు. వాన లోపలికి కొట్టింది. అమ్మ మమ్మల్నందరినీ ఆ తలుపు బయట, వరండా గోడ చాటున, దుప్పట్లు కప్పి కూర్చోబెట్టింది. తుఫానులో బయట కూర్చోవడం ఎవరూ మెచ్చుకొనే పని కాదు. కాని ఆ రాత్రి మాకు బయటి గాలి కంటే లోపలి గాలే ప్రమాదంగా ఉంది.

తెల్లవారి చూస్తే గొట్టం వంచిన చోట వేలెడు పగులు. ఆ గొట్టం ఎన్నేళ్ల కిందటిదో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు ఆలోచించండి. బల్ల దగ్గర ఉన్న అయిదుగురు పెద్దవాళ్లకు తెలియని వాసన నేల మీద పడుకున్న ఆరేళ్ల పిల్లవాడికి ఎందుకు తెలిసింది? ముక్కు మంచిదని కాదు. సిలిండరులో ఉండేది ప్రోపేన్, బ్యూటేన్ అనే వాయువులు. వాటిని గట్టిగా అదిమితే ద్రవమవుతాయి. సిలిండరును కదిలించినప్పుడు లోపల నీళ్లలాగా కదిలేది ఆ ద్రవమే. బయటికి రాగానే మళ్లీ వాయువవుతుంది. ఒక లీటరు ద్రవం సుమారు రెండు వందల యాభై లీటర్ల వాయువుగా ఉబ్బుతుంది. ఆ వాయువు గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అందుచేత అది పైకి పోదు. నేల మీదికి దిగి, నీళ్లలాగే పల్లానికి పాకుతుంది. గుమ్మం దాటుతుంది, బల్లల కింద, మంచాల కింద చేరి నిలుస్తుంది. గాలి ఆడని ఇంట్లో చాలాసేపు అలాగే ఉంటుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిసినా చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది.

పాత రోజుల్లో గడ్డి కప్పు ఇళ్లలో ఎన్నో సందులుండేవి. 1960లో కరోల్ తుఫాను వేలకొద్దీ ఇళ్లను నేలమట్టం చేసిన తరువాత మన దీవిలో సిమెంటు ఇళ్లు పెరిగాయి. సిమెంటు ఇల్లు తుఫానుకు నిలుస్తుంది, మంచిదే. కాని తలుపులన్నీ బిగించి గుడ్డలు కుక్కితే అది మూతపెట్టిన డబ్బా వంటిది. తుఫానుకూ పొయ్యికీ ఉన్న సంబంధం ఇదే. మన ఇల్లు గట్టిగా మూసి ఉన్న రోజునే, కరెంటు పోయి కొవ్వొత్తులు వెలిగించిన రోజునే, గ్యాసు మనకు ఎక్కువ అపాయం. కాబట్టి ఇంటికి చెక్కలు కొట్టేముందు పొయ్యి మర, సిలిండరు మర, రెండూ కట్టి ఉన్నాయో లేదో చూడాలి. సిలిండరు బయట ఉంటే మర కట్టేసి, గొట్టం ఊడదీసి, నిటారుగా నిలబెట్టి తాడుతో గోడకు కట్టమని పెద్దలకు చెప్పండి. పడుకోబెట్టకూడదు. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది.

వాసన సంగతి ఇంకొకటి ఉంది. నిజానికి ఈ గ్యాసుకు చెప్పుకోదగ్గ వాసనే లేదు. కుళ్లిన కోడిగుడ్డు, కుళ్లిన ఉల్లిపాయ కలిపినట్టుండే ఆ కంపు మన కోసం కలిపినది. మెర్కాప్టాన్ అనే పదార్థాన్ని రవ్వంత కలుపుతారు. గ్యాసులో వాసన కలపాలని చట్టాలు ఎలా వచ్చాయో వింటే మీకు బాధ కలుగుతుంది, అయినా చెబుతాను.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే చిన్న ఊరుంది. చుట్టూ నూనె బావులు. అక్కడి బడిలో చలికి వెచ్చదనం కోసం సహజవాయువు వాడేవారు. అది మన సిలిండరులోని గ్యాసు కాదు, భూమిలో నుంచి వచ్చేది. దానికీ వాసన ఉండదు. ఎక్కడో గొట్టం కారి, బడి కింది ఖాళీలో ఆ వాయువు నిండింది. ఎవరికీ తెలియలేదు. 1937 మార్చి 18న, బడి వదిలే వేళకు కొంచెం ముందు, వడ్రంగం నేర్పే గదిలో ఒక విద్యుత్ యంత్రం మీట వేశారు. ఆ మీటలో పుట్టిన రవ్వ చాలింది. దాదాపు మూడు వందల మంది పిల్లలు, ఉపాధ్యాయులు చనిపోయారు. ఆ తరువాతనే టెక్సస్‌లో గ్యాసులో వాసన కలపాలని చట్టం చేశారు, ఇతర చోట్లా ఆ పద్ధతి వ్యాపించింది. ఈ రోజు మీ వంటింట్లో ఆ కంపు వచ్చినప్పుడు ముక్కు మూసుకొని ఛీ అనకండి. అది మిమ్మల్ని పిలుస్తోంది.

ఆ కథలో మీట అన్నాను, గమనించారా? మనం స్విచ్చి అంటాం. చాలామంది అగ్గిపుల్ల ఒక్కటే ప్రమాదమనుకుంటారు. స్విచ్చి వేసినా, తీసినా, రెండు సార్లూ లోపల కంటికి కనబడని చిన్న రవ్వ పుడుతుంది. వాసన వచ్చినప్పుడు లైటు వెలుగుతూ ఉంటే వెలగనివ్వండి. ఆరి ఉంటే ఆరే ఉండనివ్వండి. గాలి బయటికి పోతుందని ఫ్యాను వేయడం తెలివైన పనిగా కనబడుతుంది, అది ఇంకా ప్రమాదం. టెలిఫోను కూడా ఇంట్లో నుంచి చేయవద్దు.

మరి చేయవలసినది ఏమిటి? వెలుగుతున్న మంట ఏదైనా దగ్గరలో ఉంటే ఆర్పాలి. మర మీకు అందుబాటులో ఉండి, ఎటు తిప్పాలో తెలిసి ఉంటే కట్టేయాలి. తెలియకపోతే దాని దగ్గర తచ్చాడవద్దు. తలుపులు, కిటికీలు తీసుకుంటూ బయటికి రావాలి. ముసలివాళ్లనూ పసివాళ్లనూ వెంట తేవాలి. ముసలివాళ్లను అని ప్రత్యేకంగా ఎందుకన్నానంటే, వయసు మీరిన కొద్దీ ముక్కుకు వాసన తెలియడం తగ్గుతుంది. జలుబు చేసినా అంతే. ఇంట్లో అందరికంటే ముందు వాసన తెలిసేది మీకే కావచ్చు. పెద్దలు "ఎలుక చచ్చి ఉంటుంది" అంటే మీరు ఊరుకోవద్దు. మా తమ్ముడు రెండోసారి చెప్పబట్టి మేము బతికాం. మర్యాదగా చెప్పండి, కాని మళ్లీ మళ్లీ చెప్పండి. బయటికి వచ్చాక, పొరుగింటి నుంచి అగ్నిమాపక దళానికి 115కు ఫోను చేయాలి. వాసన పూర్తిగా పోయేదాకా లోపలికి పోకూడదు, మరిచిపోయిన సంచి కోసమైనా సరే.

ఇక రోజూ పొయ్యి వెలిగించే సంగతి. అగ్గిపుల్లతో వెలిగించే పొయ్యి అయితే ముందు పుల్ల గీసి, తరువాత మర తిప్పాలి. చాలామంది ముందు మర తిప్పి, అగ్గిపెట్టె ఎక్కడుందా అని వెతుకుతారు. ఆ వెతుకుతున్నంతసేపూ గ్యాసు కిందికి దిగుతూ ఉంటుంది. మర తిప్పితే తనంతట వెలిగే పొయ్యి అయితే, రెండు మూడు క్షణాల్లో అంటుకోకపోతే కట్టేయండి. గాలి పోనిచ్చి, నాలుగైదు నిమిషాలాగి మళ్లీ ప్రయత్నించండి. టికటికమని పదిసార్లు కొట్టే పిల్లలున్నారు, నాకు తెలుసు.

మన ఇళ్లలో పాలు పొంగడం శుభమంటారు. కొత్త ఇంట్లో చేరినప్పుడు కావాలనే పొంగిస్తారు. ఆ రోజు పొయ్యి దగ్గర అందరూ నిలబడి ఉంటారు కాబట్టి ఫరవాలేదు. మామూలు రోజున పాలు పెట్టి టెలివిజన్ ముందు కూర్చుంటే, పొంగిన పాలు మంటను ఆర్పేస్తాయి, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. సన్నమంట మీద పెట్టినప్పుడు కిటికీ గాలి కూడా ఆ పని చేస్తుంది. పొయ్యి మీద ఏదైనా ఉన్నంతసేపు వంటింట్లో మనిషి ఉండాలి. ఇంతకంటే చిన్న నియమం, ఇంతకంటే ఎక్కువగా మీరే నియమం నాకు తెలియదు.

మంట రంగు చూడడం నేర్చుకోండి. నీలంగా, నిలకడగా ఉంటే మంచిది. పసుపుపచ్చగా లేచి గిన్నె అడుగు మసి చేస్తోందంటే గ్యాసుకు సరిపోయినంత గాలి అందడం లేదన్నమాట. బర్నరు కన్నాలు పూడి ఉండవచ్చు. అలా సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. ముక్కు ఇక్కడ సాయపడదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, అవే గుర్తులు. క్యూర్‌పీప్, వాక్వా వంటి చల్లని ఊళ్లలో జూలై, ఆగస్టు నెలల్లో కిటికీలన్నీ మూసి, వెచ్చదనం కోసం పొయ్యి వెలిగించి పెట్టడం కొందరికి అలవాటు. అది చాలా తప్పు. తుఫానులో గ్యాసు అయిపోయిందని బొగ్గుల కుంపటి ఇంట్లోకి తేవడం అంతకంటే తప్పు.

నూనె సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. గాతో పిమా అంటే ఇష్టం లేనివాళ్లు ఈ తరగతిలో లేరు కదా! నూనె మూకుడు మరీ కాగి అంటుకుంటే నీళ్లు పోయవద్దు. నీళ్లు నూనెకంటే బరువు గనుక అడుగుకు పోతాయి, అక్కడి వేడికి క్షణంలో ఆవిరై ఉబ్బుతాయి, పైనున్న మండే నూనెను ఇంటికప్పు దాకా చిమ్ముతాయి. మూకుడును ఎత్తుకొని బయటికి పరుగెత్తడం కూడా వద్దు. చేయి అందితే మర కట్టి, మూకుడు కంటే పెద్ద మూత పక్క నుంచి జరిపి కప్పాలి. పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు. ఇది పెద్దలు చేయవలసిన పని. మీరు మూత అందించి దూరంగా జరగండి.

పండుగ రోజుల్లో ఆడపిల్లలు పట్టు పరికిణీలు, ఓణీలు కట్టుకొని వంటింట్లో తిరుగుతారు. కొన్నిటిలో నైలాను కలిసి ఉంటుంది, అది అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఓణీ నడుముకు బిగించి దోపుకోండి. గిన్నెల పిడులు మీ వైపు కాక గోడ వైపు తిప్పి పెట్టండి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు, పరుగెత్తితే మంట పెరుగుతుంది. ముఖం చేతులతో కప్పుకొని నేల మీద పడి దొర్లాలి.

తెలుగులో మంట అంటే నిప్పు, కాలిన చోట కలిగే బాధా మంటే. ఒకే మాట రెండింటికీ ఎందుకు వచ్చిందో, ఒకసారి వేలు కాలినవాళ్లకు విడమరచి చెప్పక్కరలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని సామెత చెబుతాం గాని, చేయి కాలితే ఆకులు వద్దు, వెన్న వద్దు, టూత్‌పేస్టు వద్దు, మంచుగడ్డా వద్దు. వెంటనే కొళాయి కింద చల్లని నీటి ధారలో ఇరవై నిమిషాలు ఉంచాలి. ఇరవై నిమిషాలంటే మీకు చాలా ఎక్కువ అనిపిస్తుంది, అయినా ఉంచాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. బొబ్బ చిదపకూడదు. కాలిన చోటు మీ అరచేతికంటే పెద్దదైనా, ముఖం మీదైనా, ఆస్పత్రికి వెళ్లాలి.

గొట్టం, రెగ్యులేటరు పెద్దల బాధ్యత, దాన్ని గురించి రెండే మాటలు. గొట్టం మీద తేదీ ముద్రించి ఉంటుంది, అది దాటితే మార్చాలి, పగులు కనబడితే తేదీ దాకా ఆగకుండా మార్చాలి. కొత్త సిలిండరు బిగించాక కారుతోందా అని సబ్బునీళ్లు రాసి చూడాలి, బుడగలు వస్తే కారుతున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివారుంటే ఆ అగ్గిపెట్టె మీరు దాచేయండి, తప్పు నామీద వేయండి.

మా ఇంట్లో హొలాండా తరువాత నాయనమ్మను ఎవరూ ఆటపట్టించలేదు. ఆమె బతికి ఉన్నంతకాలం రాత్రి పడుకోబోయే ముందు తానే వంటింట్లోకి వెళ్లి సిలిండరు మర తడిమి చూసి వచ్చేది. ఆ పని తరువాత నాకు వచ్చింది. ఇప్పుడు మా అబ్బాయి చేస్తున్నాడు.

ఇక మీ ఇంటిపని. ఈ శనివారం అమ్మనో నాన్ననో వెంటబెట్టుకొని వంటింట్లోకి వెళ్లండి. సిలిండరు ఎక్కడుందో, దాని మర ఎటు తిప్పితే మూతపడుతుందో చూపించమనండి. కళ్లు మూసుకొని ఒకసారి తడిమి కనుక్కోండి, కరెంటు లేని రాత్రి అదే పనికి వస్తుంది. గొట్టం మీది తేదీ చదవండి. తరువాత ఒక కాగితం మీద మీ వంటింటి బొమ్మ గీసి, పొయ్యి, సిలిండరు, గొట్టం, తలుపు, కిటికీ, అన్నిటి పేర్లూ తెలుగులో రాయండి. గొట్టం తేదీ కింద వేయండి. సోమవారం ఆ కాగితాలు నా బల్ల మీద ఉండాలి. తేదీ దాటిన గొట్టాలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో ఆ రోజు లెక్కిద్దాం.